మాయను పారేసే ముందు

(మార్చి 3, ప్రపంచ జనన లోపాల దినం నాడు స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, యువ డాక్టర్ల సమావేశంలో ఒక పసిపిల్లల వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే బస్సులు మారి, డ్యూటీలు సర్దుకుని వచ్చారు. నేరుగా విషయానికి వస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. తెల్లవారుజామున లేబర్ రూమ్ నుంచి కబురొస్తే వెళ్లాను. తొలి కాన్పు, ఆడపిల్ల. బరువు బాగుంది, ఏడుపు గట్టిగా ఉంది. తువ్వాలు విప్పి చూస్తే కుడి చేతి నడిమి మూడు వేళ్లు సగం దాకానే ఉన్నాయి. వాటి కొసలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఎడమ కాలికి, చీలమండకు కాస్త పైన, ఎవరో దారం బిగించి కట్టినట్టు చుట్టూ ఒక గాడి. దాని కింద పాదం ఉబ్బి, లోపలికి తిరిగి ఉంది. కేస్ షీట్‌లో నేను రాసింది ఒక్క ముక్క: "పుట్టుకతో అవయవ లోపం." బిడ్డ తర్వాత పడే మాయ (ప్లాసెంటా) అప్పటికే బకెట్‌లోకి వెళ్లిపోయింది. దాన్ని చూడాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

మూడో రోజు రౌండ్స్‌లో ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది. "డాక్టరమ్మా, గ్రహణం నాడు నేనేమీ కొయ్యలేదండి. ఒట్టు. కత్తిపీట ముట్టుకోనేలేదు. మా అత్తగారికి మీరొక్క మాట చెప్పండి" అంది. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ బిడ్డకు కడుపులో ఏం జరిగిందో నేను ఆలోచించనే లేదు. ఆలోచించి ఉంటే, మాయ చూసి ఉంటే, ఆ రోజే ఆ అత్తగారిని పిలిచి కూర్చోబెట్టి చూపించగలిగేదాన్ని. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ బిడ్డకు వచ్చినదానికి ఒక పేరుంది: ఆమ్నియోటిక్ బ్యాండ్ సిండ్రోమ్. బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీటి సంచి లోపలి పొర చిరిగి, దాని పోగులు బిడ్డ వేళ్లకో, కాళ్లకో చుట్టుకోవడం. ఈ రోజు నేను మాట్లాడేదంతా దాన్ని గుర్తుపట్టడం గురించే. చికిత్స గురించి తక్కువ చెబుతాను, అది సర్జన్ల పని. గుర్తుపట్టడం మాత్రం బిడ్డను మొదట చేతుల్లోకి తీసుకునే వాళ్ల పని, అంటే మీ పని.

మాయ పడటం మీరు వందల సార్లు చూశారు. దాని అంచు నుంచి వేలాడే పొరను ఎత్తి చూస్తే ఒకటే పొరలా ఉంటుంది. నిజానికి రెండు. గర్భసంచి గోడ వైపు ఉండేది కోరియాన్. బిడ్డ వైపు ఉండేది ఆమ్నియాన్. నున్నగా, మెరుస్తూ, అవతల వేలు పెడితే కనిపించేంత పల్చగా ఉంటుంది. ఉమ్మనీటిని పట్టి ఉంచేది ఇదే. మాయకు బిడ్డ వైపు ముఖం మీద పరుచుకుని ఉండేది, బొడ్డుతాడును తొడుగులా కప్పేది కూడా ఇదే. గర్భం తొలి వారాల్లో ఈ రెండు పొరల మధ్య ఖాళీ ఉంటుంది. లోపలి సంచి పెరిగి పెరిగి, 12 నుంచి 16 వారాల మధ్య బయటి పొరకు అంటుకుపోతుంది.

ఆ లోపలి పొర మధ్యలో ఎప్పుడో చిరిగిందనుకుందాం. బయటి పొర చెక్కుచెదరలేదు కాబట్టి గర్భం నిలుస్తుంది. తల్లికి సాధారణంగా ఏమీ తెలియదు. చిరిగిన పొర పోగులు పోగులుగా ఉమ్మనీటిలో తేలుతుంది. అందులో కదులుతున్న బిడ్డ వేళ్లు ఆ పోగుల్లో చిక్కుకుంటాయి. బిడ్డ పెరుగుతుంది, పోగు పెరగదు. పొట్లపాదు పెట్టినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కాయ వంకర పోకుండా కొసకు రాయి కడతాం కదా. దారం బిగుసుకుంటే, కాయ ఊరేకొద్దీ అది లోపలికి కోసుకుపోతుంది. కట్టుకు పైన కాయ బాగానే ఉంటుంది. కట్టు కింది కొస వాడి, ఒక్కోసారి రాలిపోతుంది. సరిగ్గా ఇదే ఆ వేలికి జరుగుతుంది.

ఈ వివరణను గట్టిగా నిలబెట్టినవాడు అమెరికాలోని జార్జియాకు చెందిన ప్రసూతి వైద్యుడు రిచర్డ్ టార్పిన్. 1965లో ఆయన రాసిన పత్రానికి ఆధారం మాయలూ పొరలే. బిడ్డ లోపాలనే కాకుండా, బిడ్డతో పాటు వచ్చిన పొరలను ఓపిగ్గా విప్పి చూశాడు. అంతకు ముందు, 1930లో, జార్జ్ స్ట్రీటర్ అనే పిండశాస్త్రవేత్త వేరే మాట చెప్పాడు. లోపం మొదటి నుంచీ పిండంలోనే ఉందని, పోగులు దాని ఫలితమే తప్ప కారణం కాదని ఆయన వాదన. రక్తప్రసరణ దెబ్బతినడం వల్ల వస్తుందన్న మూడో వాదనా ఉంది. ఈ చర్చ ఇంకా తెగలేదు. వేలి చుట్టూ గాడికి టార్పిన్ మాట చక్కగా సరిపోతుంది. పొట్ట గోడ మూసుకోని బిడ్డల్లో మాత్రం, పోగు తాకే అవకాశమే లేని లోపలి అవయవాల్లో కూడా లోపాలుంటాయి. అక్కడ పోగు కథ ఒక్కటే చాలదు. ఒకే పేరు కింద రెండు మూడు రకాల జబ్బులను కలిపి చూస్తున్నామని నా అభిప్రాయం.

ఎంత మందిలో వస్తుంది? పుస్తకాల్లో 1,200 జననాలకు ఒకటి నుంచి 15,000 జననాలకు ఒకటి దాకా రాసి ఉంటుంది. అంత తేడా ఎందుకంటే లెక్కించేవాళ్లు చూసే చూపులో తేడా. చిటికెన వేలి మీద సన్నటి గాడిని లెక్కలోకి తీసుకునేవాళ్లు ఉన్నారు, అసలు చూడనివాళ్లూ ఉన్నారు. నేనూ ఒకప్పుడు చూడనిదాన్నే.

ఇప్పుడు గుర్తుల సంగతి. డాక్టర్లకు ఒక మాట: 1961లో ప్యాటర్సన్ అనే సర్జన్ చెప్పిన నాలుగు గుర్తులు ఇప్పటికీ పనికొస్తాయి. ఉత్తి గాడి, గాడితో పాటు దాని కింద వాపో వంకరో, గాడితో పాటు వేళ్ల కొసలు అతుక్కోవడం, కొస తెగిపోయి మొండిగా మిగలడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సరిపోతుంది. మిగతా వాళ్లు ఈ నాలుగూ బట్టీ పట్టనక్కర్లేదు. చూసే పద్ధతి తెలిస్తే చాలు.

జన్యు లోపాలు చాలావరకు ఒక క్రమంలో వస్తాయి. రెండు చేతులకూ ఆరో వేలు, రెండు పాదాలకూ ఒకే రకం అతుకు, ఇలా. ఇక్కడ క్రమం ఉండదు. కుడి చేతికి ఒక రకం, ఎడమ కాలికి ఇంకో రకం, ఎడమ చేతికి అసలేమీ లేకపోవచ్చు. ఏ ఇద్దరు పిల్లలూ ఒకేలా ఉండరు. అందుకే ఒక చెయ్యి చూసి ఆగిపోకూడదు. ఇరవై వేళ్లూ, మోచేతులూ, పిక్కలూ, తొడలూ, పెదవులూ, కళ్లూ, నెత్తీ అన్నీ చూడాలి. ఒక చోట మొండి వేలు, ఇంకో చోట సన్నటి గాడి కనిపించాయంటే రోగ నిర్ధారణ దాదాపు అయిపోయినట్టే.

నా మనసుకు అన్నిటికంటే బాగా పట్టిన గుర్తు వేళ్ల అతుకు. మామూలుగా అతుక్కుని పుట్టే వేళ్లు మొదలు నుంచి అతుక్కుని ఉంటాయి. వేళ్ల సందు అనేదే ఏర్పడదు. ఈ బిడ్డల్లో తిరగబడి ఉంటుంది. కొసలు అతుక్కుని, మొదట్లో చిన్న రంధ్రం ఉంటుంది. సన్నటి ప్రోబ్ పెడితే అరచేతి వైపు నుంచి వెనక్కి దూరిపోతుంది. దాని అర్థం ఏమిటి? పిండానికి చెయ్యి మొదట తెడ్డులా వస్తుంది. ఎనిమిదో వారం ముగిసేసరికి వేళ్లు విడివడతాయి. సందు ఉందంటే వేళ్లు ఒకసారి సవ్యంగా విడిపోయాయన్నమాట. అంటే బిడ్డ చెయ్యి సరిగ్గానే తయారైంది, తర్వాత బయటి నుంచి ఏదో వచ్చి కట్టి పడేసింది. ఆవగింజంత రంధ్రం ఇంత చరిత్ర చెబుతుంది. తల్లికి చెప్పేటప్పుడు నేను ముందుగా దాన్నే చూపిస్తాను.

ఎక్కువగా దెబ్బతినేవి నడిమి వేళ్లు, పొడుగ్గా ఉండి ముందు చిక్కుకునేవి అవే. బొటనవేలు చాలాసార్లు తప్పించుకుంటుంది. అది ఆ బిడ్డ అదృష్టం, ఎందుకంటే పట్టుకోవడానికి బొటనవేలే ముఖ్యం. ఇంకో సంగతి: గాడికి పైన ఉన్న భాగం, అంటే ముంజేయి, మోచెయ్యి, భుజం, సాధారణంగా చక్కగా ఉంటాయి. పైభాగం కూడా చిన్నదిగా, సన్నగా ఉంటే వేరే జబ్బు అని అనుమానించాలి.

ముఖం, తల దెబ్బతిన్న బిడ్డలు తక్కువ, కానీ వాళ్లది కష్టమైన కథ. మనం గ్రహణం మొర్రి అని పిలిచే మామూలు మొర్రి పై పెదవిలో ఒక నియమిత చోట, ముఖ భాగాలు కలిసే గీత మీదే వస్తుంది. పోగు వల్ల వచ్చే చీలిక ఆ గీతలను పట్టించుకోదు. పెదవి నుంచి ఏటవాలుగా కంటి దాకా పోవచ్చు. తల మీద మెదడు పొంగి బయటికి వచ్చిన సంచి సాధారణంగా నడిమధ్యలో ఉంటుంది. ఇది పక్కకు ఉంటుంది. మధ్యగీత తప్పి, ఒక వైపుకు ఒరిగి ఉన్న ఏ లోపాన్ని చూసినా పోగు సంగతి గుర్తు తెచ్చుకోండి.

స్కానింగ్ గురించి చెబుతాను. మీలో చాలామంది గర్భిణులను, అయిదో నెల ప్రాంతంలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌కు పంపిస్తారు. అందులో ఇది తెలియదా అని అడుగుతారు. కొన్నిసార్లు తెలుస్తుంది, చాలాసార్లు తెలియదు. ఈ నిజం తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. పోగు వెంట్రుకంత పల్చగా ఉంటుంది. అల్ట్రాసౌండ్ తరంగం దాని మీద సరైన కోణంలో పడితేనే గీతలా కనిపిస్తుంది, లేకపోతే లేదు. అందుకని అనుభవమున్న సోనాలజిస్టులు (స్కాన్ చేసే డాక్టర్లు) పోగును వెతకరు, పోగు చేసిన పనిని వెతుకుతారు. చేతికో కాలికో చుట్టుకొలత ఉన్నట్టుండి తగ్గిందా? దాని కింద వాపు ఉందా? పాదం లోపలికి తిరిగిందా? పిడికిలి విప్పినప్పుడు వేళ్లు లెక్కకు వస్తున్నాయా? బిడ్డ కదులుతున్నప్పుడు ఒక భాగం మాత్రం కట్టేసినట్టు ఒకే చోట నిలిచిపోతోందా? గాడి కనిపిస్తే కలర్ డాప్లర్ పెట్టి, దాని కిందికి రక్తం వెళ్తోందో లేదో చూస్తారు. తల, ముఖం, పొట్ట గోడ మీద అనుమానం ఉంటే ఎంఆర్ఐ కొంత సాయపడుతుంది. వేళ్ల విషయంలో త్రీడీ స్కాన్ తల్లిదండ్రులకు అర్థం కావడానికి బాగుంటుంది. 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ పిడికిలి బిగించి పడుకుంటే, ఉమ్మనీరు తక్కువగా ఉంటే, ఎంత మంచి మెషీన్ అయినా వేలి కొస తప్పిపోతుంది. స్కాన్‌లో కనిపించలేదని సోనాలజిస్టును తిట్టుకునే కుటుంబాలను చూశాను. కొన్ని సందర్భాల్లో అది అన్యాయం.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది. కనిపించిన ప్రతి గీతనూ బ్యాండ్ అనుకోవడం. ఒకసారి అయిదో నెల గర్భిణి రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. అందులో ఆమ్నియోటిక్ బ్యాండ్ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఊళ్లో ఎవరో కడుపు తీయించుకోమన్నారట. మళ్లీ స్కాన్ చేయించాం. గర్భసంచి ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక మందపాటి తెర ఉంది, బిడ్డ దానికి అటూ ఇటూ హాయిగా కదులుతోంది, ఒంటికి ఎక్కడా తగలడం లేదు. ఆమెకు అంతకు ముందు గర్భస్రావం జరిగి, గర్భసంచి శుభ్రం చేశారు. అప్పుడు లోపల ఏర్పడిన అతుకు మీద రెండు పొరలూ మడత పడి తెరలా నిలిచాయి. దాన్ని ఆమ్నియోటిక్ షీట్ అంటారు. అది బిడ్డను చుట్టుకోదు, కొయ్యదు. ఆమెకు నెలలు నిండాక ఇరవై వేళ్లతో మగపిల్లవాడు పుట్టాడు. ఒక ప్రశ్నార్థకం ఆ ఇంట్లో ఎంత టెన్షన్ తెచ్చిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మందంగా ఉందా, రెండు కొసలూ గోడకే అంటి ఉన్నాయా, బిడ్డ స్వేచ్ఛగా ఉందా అని చూసి ఉంటే చాలు, ఆ ప్రశ్నార్థకం పడేది కాదు. అలాగే మూడో నెల స్కాన్‌లో బిడ్డ చుట్టూ సన్నటి గీత విడిగా కనిపిస్తే కంగారు వద్దు. అది ఇంకా అంటుకోని ఆమ్నియానే.

కడుపులో ఉండగానే నిర్ధారణ అయితే ఏం చేస్తారు? వేలి కొసల వరకే అయితే ఏమీ చేయరు, కాన్పు దాకా కనిపెట్టుకుని ఉంటారు. చెయ్యో కాలో మొత్తం పోయేలా గాడి బిగుస్తుంటే, గర్భంలోకి సన్నటి దుర్బిణీ పంపి పోగును కోసేయడం సాధ్యమే. ఫ్లోరిడాలో రూబెన్ క్వింటెరో బృందం 1997లో అలా చేసినట్టు ప్రచురించింది. దానివల్ల ఉమ్మనీరు ముందే పోయి నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం ఉంది, అందుకని చాలా కొద్దిమందికే అది తగిన దారి. పోగు బొడ్డుతాడుకు చుట్టుకుంటే బిడ్డ ప్రాణానికే ముప్పు. తల, పొట్ట గోడ ఘోరంగా దెబ్బతిని బిడ్డ బతికే అవకాశం లేనప్పుడు గర్భం కొనసాగించాలా వద్దా అన్న మాట వస్తుంది. గర్భస్రావ చట్టానికి (ఎంటీపీ) 2021లో చేసిన సవరణ తర్వాత, పిండానికి తీవ్రమైన లోపాలున్నప్పుడు 24 వారాలు దాటినా మెడికల్ బోర్డు పరిశీలించి అనుమతి ఇవ్వవచ్చు. కానీ రెండు వేలి కొసలు లేని బిడ్డనూ ఆ బిడ్డనూ ఒకే గాటన కట్టకండి. జబ్బు పేరు ఒకటే అయినా, జీవితాలు వేరు. రిపోర్టులో పేరు చూసి హడలిపోయిన దంపతులకు ఈ తేడా మీరే విడమరిచి చెప్పాలి.

లేబర్ రూమ్‌లోకి వద్దాం. బిడ్డ ఏడ్చింది, ఆరబెట్టారు, తల్లి గుండెల మీద పెట్టారు. కాసేపయ్యాక నఖశిఖపర్యంతం చూస్తారు. గాడి కనిపించిందా, మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: కింది భాగం బతికి ఉందా? రంగు చూడండి. నీలంగా, నల్లగా, తెల్లగా పాలిపోయి ఉందా? తాకి చూడండి, చల్లగా ఉందా? వేలితో నొక్కి వదలండి, మూడు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. వాపు గంటగంటకూ పెరుగుతోందా? ముంజేతి పైన గాడి ఉంటే మణికట్టు ఎత్తగలుగుతోందా లేదా చూడండి, లోతైన గాడి నరాన్ని కూడా నలపగలదు. రక్తం అందడం లేదని అనుమానం వచ్చిందంటే అది అప్పటికప్పుడు సర్జన్ చూడాల్సిన ఎమర్జెన్సీ. సోమవారం ఓపీకి రమ్మనకూడదు. ఆ చేతికో కాలికో కాన్యులా (సెలైన్ ఎక్కించే సూదిగొట్టం) పెట్టొద్దు, రక్తం తీయొద్దు, కట్టు కట్టొద్దు. రక్తప్రసరణ బాగుంటే తొందర లేదు. ఎక్స్‌రే తీయించి, తల్లిదండ్రుల అనుమతితో తేదీ వేసి ఫొటో తీయించి, ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పంపించండి. గాడిని జడ్-ప్లాస్టీ పద్ధతిలో మెలికలుగా కోసి విడదీస్తారు. కొసలు అతుక్కున్న వేళ్లను మాత్రం మరీ ఆలస్యం చేయకూడదు. వాటి పొడవులు వేరు కాబట్టి ఒకదాన్ని ఇంకొకటి వంచేస్తుంది.

దీన్ని పోలి ఉండేవి కొన్ని ఉన్నాయి. సింబ్రాకిడాక్టిలీ అనే లోపంలో వేళ్ల చోట బటాణీ గింజల్లాంటి బుడిపెలు ఉంటాయి, వాటి మీద బుల్లి గోళ్లు కూడా ఉండొచ్చు. సాధారణంగా ఒకే చెయ్యి, గాడులు ఉండవు, ఆ వైపు ముంజేయి కూడా చిన్నదిగా ఉండొచ్చు, ఒక్కోసారి ఛాతీ కండరమూ ఉండదు. ఆడమ్స్-ఆలివర్ సిండ్రోమ్‌లో వేళ్ల కొసలు లేకపోవడంతో పాటు నెత్తి మీద చర్మం లేని మచ్చ ఉంటుంది. అది వంశంలో వచ్చేది. అందుకే అమ్మానాన్నల చేతులు, మాడు కూడా చూడాలి. తొలి నెలల్లో గర్భం పోవడానికి మిసోప్రోస్టాల్ మాత్రలు వాడి, అవి పనిచేయక గర్భం నిలిస్తే, చేతులు కాళ్ల కొసలు దెబ్బతిన్న బిడ్డ పుట్టే అవకాశం ఉంది. ఈ ప్రశ్న అడగక తప్పదు. అయితే భర్త, అత్తగారు పక్కన లేనప్పుడు, తలుపు వేసి, ఆమె చెప్పింది గది దాటి పోదని మాటిచ్చి అడగండి.

ఆశా అక్కలకు ప్రత్యేకంగా ఒక మాట. పుట్టిన రోజు లేని గాడి, నెల తర్వాత కనిపిస్తే అది ఈ జబ్బు కాదు. బారసాల నాడు బిగించి కట్టిన నల్లదారమో మొలతాడో, బాలింతకు రాలే జుట్టు మేజోడులో దూరి కాలివేలికి చుట్టుకోవడమో అయి ఉంటుంది. వెంటనే జాగ్రత్తగా తీసేయాలి, లోతుగా దిగితే ఆసుపత్రికి పంపాలి. పుట్టిన రోజే మీరు ఒళ్లంతా చూసి రాసి ఉంటే ఈ తేడా ఒక్క నిమిషంలో తెలుస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టిన బిడ్డను పరీక్షించే జాబితా మీ దగ్గర ఉంది. అందులో ఈ జబ్బు పేరు ఉండదు. వంకర పాదం ఉంది, మొర్రి ఉంది. ఈ బిడ్డల్లో చాలామందికి వంకర పాదం కూడా ఉంటుంది కాబట్టి ఆ గడిలో టిక్ పెట్టి, పక్కన గాడి సంగతి తప్పకుండా రాయండి. లేకపోతే పాదానికి పిండికట్లు వేసేవాళ్లు, పైనున్న గాడిని చూడకుండానే వేసేయవచ్చు. మామూలు వంకర పాదం కంటే ఇది మొండిది కూడా, త్వరగా లొంగదు.

తల్లితో ఏం చెప్పాలి అన్నదానికి నేను చాలా ఏళ్లు తీసుకున్నాను. ఇప్పుడు నేను చెప్పే మాటలు ఇవి: "అమ్మా, నీ బిడ్డ చెయ్యి సరిగ్గానే తయారైంది. తర్వాత సంచి లోపలి పొర చిరిగి ఒక పోగు చుట్టుకుంది. నువ్వు తిన్నదాని వల్ల కాదు, బరువెత్తడం వల్ల కాదు, గ్రహణం వల్ల కాదు. ఇది మీ రక్తంలో లేదు, మీ ఆయన రక్తంలోనూ లేదు. మళ్లీ కాన్పులో ఇది వచ్చే అవకాశం దాదాపు లేనట్టే." ఒకే పోలిక కవలల్లో ఒకరికి ఇది వచ్చి, రెండో బిడ్డ చక్కగా పుట్టిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. ఇద్దరి జన్యువులూ ఒకటే, గ్రహణమూ ఒకటే. అత్తగారికి ఈ ఒక్క సంగతి చెబితే చాలు, ఎక్కువమంది తల ఊపుతారు. చర్మం, పొరలు త్వరగా చిరిగే కొన్ని అరుదైన వంశపారంపర్య జబ్బులు దీనికి మినహాయింపు. ఇంట్లో ఎవరికైనా చర్మం బొబ్బలెక్కడం, కీళ్లు అతిగా వంగడం లాంటివి ఉంటే జెనెటిక్స్ డాక్టర్‌ను కలవమనండి.

ఈ మాటలన్నీ ధైర్యంగా చెప్పడానికి చేతిలో ఆధారం ఉండాలి. గాడులు స్పష్టంగా ఉన్నప్పుడు వేరే ఆధారం అక్కర్లేదు. ఒక్క మొండి వేలు మాత్రమే ఉన్నప్పుడో, తల పక్కన సంచి ఉన్నప్పుడో, బిడ్డ దక్కనప్పుడో, సందేహం తీర్చేది మాయే. బొడ్డుతాడు పట్టుకుని ఎత్తి, బిడ్డ వైపు ముఖాన్ని వెలుతురులో చూడండి. మామూలు మాయ నీళ్లు చల్లినట్టు మెరుస్తుంది. పొర చిరిగిన మాయ మసకబారి, గరుకుగా ఉంటుంది. ఆమ్నియాన్ మొత్తం ముడుచుకుని బొడ్డుతాడు మొదట్లో కుచ్చులా మిగలొచ్చు. దాని నుంచి దారాల్లాంటి పోగులు వేలాడొచ్చు. మైక్రోస్కోప్ కింద పెడితే కోరియాన్ మీద కప్పు ఉండదు, బిడ్డ చర్మం నుంచి రాలిన కణాలు, నూగు వెంట్రుకలు అందులో కూరుకుని కనిపిస్తాయి. ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు. ఆ సాక్ష్యం అరగంటలో ఆసుపత్రి వ్యర్థాలు వేసే పసుపు సంచిలోకి వెళ్లిపోతుంది. బిడ్డలో ఏ చిన్న లోపం కనిపించినా మాయను ఆపండి. మూతున్న డబ్బాలో ఫార్మాలిన్ పోసి, తల్లి పేరు, తేదీ, టైము రాసి పాథాలజీకి పంపండి. ఫార్మాలిన్ లేకపోతే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి.

నేను మొదట చెప్పిన ఆ తల్లి మూడేళ్ల తర్వాత రెండో కాన్పుకు వచ్చింది. పెద్దమ్మాయి వెంట ఉంది, కాలికి ఆపరేషన్ అయింది, కుడి చేతి బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య బిస్కెట్ పట్టుకుని తింటోంది. రెండో బిడ్డ ఏ లోపమూ లేకుండా పుట్టాడు. ఆ రోజు నేను అత్తగారిని లోపలికి పిలిచి, మాయను చూపించి, పొరను వేలితో విడదీసి, పెద్దపిల్లకు ఏం జరిగి ఉంటుందో చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆ పొరనే చూస్తూ నిలబడింది. తర్వాత కోడలి మంచం దగ్గరికి వెళ్లి తల నిమిరింది. మూడేళ్లు ఆలస్యమైంది.

ఈ రోజు పొద్దున ఇక్కడే మామూలు కాన్పు అయిన ఒక తల్లి, చూపించుకోండి అని అనుమతి ఇచ్చి మాయను మనకు ఇచ్చింది. అది ఈ ట్రేలో ఉంది. చేతికి తొడుగులు వేసుకుని పదేసి మంది చొప్పున ముందుకు రండి. ఆమ్నియాన్‌ను కోరియాన్ నుంచి మీ వేళ్లతోనే విడదీయిస్తాను.